గోదావరి డెల్టా పాత పటాలు: మీ పనికి ఏది సరిపోతుంది?

ధవళేశ్వరం దాటాక గోదావరి గౌతమి, వసిష్ఠగా చీలుతుంది. వసిష్ఠ నుంచి వైనతేయ విడిపోతుంది. సముద్రం చేరేలోపు ఈ పాయలు ఎన్నో లంకలను కోసేశాయి, ఎన్నింటినో కొత్తగా మేట వేశాయి. అందుకే ఇక్కడి పాత పటాల కోసం వెతికేవాళ్లు చాలామంది. తాతల నాటి ఊరు ఎక్కడుండేదో చూసుకోవాలనుకునేవారు, గ్రామ చరిత్ర రాసేవారు, ఏటిలో కలిసిన భూమి లెక్క తేల్చుకోవాల్సినవారు, నది మీద పరిశోధన చేసే విద్యార్థులు ఇందులో ఉంటారు. వీళ్లందరికీ ఒకే పటం పనికిరాదు. పటం ఎంత పాతది, ఎంత అందంగా ఉంది అని చూసి ఎంచుకుంటే చాలాసార్లు తప్పు పటం చేతికొస్తుంది. మీ ప్రశ్న ఏమిటో ముందు తేల్చుకోండి, పటం దాన్నిబట్టే వస్తుంది.

## ఎంచుకునే ముందు చూడాల్సినవి

స్కేలు. పటం మీద గీత మందం సుమారు అర మిల్లీమీటరు అనుకుందాం. ఆ అర మిల్లీమీటరు నేల మీద ఎన్ని మీటర్లో చూస్తే, ఆ పటాన్ని ఎంతవరకు నమ్మవచ్చో తెలిసిపోతుంది. నేల మీద 125 మీటర్లకు సమానమయ్యే గీతతో రెండు ఎకరాల చెక్క గురించి వాదించలేం.

సర్వే సంవత్సరం. ముద్రణ సంవత్సరం వేరు, సర్వే చేసిన సంవత్సరం వేరు. ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. పటం అడుగున ఎప్పుడు సర్వే చేశారు, ఎప్పుడు సవరించారు, ఎప్పుడు ముద్రించారు అని విడివిడిగా రాసి ఉంటుంది. 1955లో ముద్రించిన పటంలో నది 1930ల నాటి గట్టు మధ్య పారుతూ ఉండవచ్చు. గోదావరి లాంటి నదికి ఆ ఇరవై ఏళ్లు చాలా పెద్ద తేడా.

రేఖాంశాల ఆధారం. పాత పటాలు ఎవరెస్ట్ గోళాభం (భూమి ఆకారానికి పాత లెక్క) మీద కట్టినవి. ఫోన్‌లో జీపీఎస్ చూపేది డబ్ల్యూజీఎస్ 84 అనే కొత్త లెక్క. రెండూ నేరుగా కలవవు.

చట్టంలో విలువ. టోపోషీటు (నేల రూపం, ఊళ్లు, నదులు చూపే సర్వే పటం) ఎంత వివరంగా ఉన్నా అది హక్కు పత్రం కాదు. పొలం హద్దు తేల్చేది సర్వే, సరిహద్దుల చట్టం (1923) కింద తయారైన రికార్డే.

| పటం | స్కేలు | అర మి.మీ. అంటే నేల మీద | దేనికి పనికొస్తుంది |
|---|---|---|---|
| క్వార్టర్ ఇంచ్ షీట్లు | 1:2,53,440 | 127 మీ. | ఊరి ఉనికి, పాయల మొత్తం రూపం |
| అమెరికా సైన్యం యూ502 | 1:2,50,000 | 125 మీ. | ఉచితంగా మొదలుపెట్టడానికి |
| అంగుళం షీట్లు | 1:63,360 | 32 మీ. | ఊళ్లు, గట్లు, లంకలు, కాలువలు |
| మెట్రిక్ టోపోషీట్లు | 1:50,000 | 25 మీ. | 1960ల తర్వాతి మార్పులు |
| గ్రామ పటం | 1:3,960 లేదా 1:7,920 | 2 నుంచి 4 మీ. | సర్వే నంబర్లు, పుంతలు, చెరువులు, పోరంబోకు |

## క్వార్టర్ ఇంచ్ షీట్లు, యూ502

నాలుగు మైళ్లను ఒక అంగుళంలో చూపే పటాలివి. 19వ శతాబ్దంలో రాగి రేకుల మీద చెక్కి అచ్చువేసిన 'అట్లాస్ ఆఫ్ ఇండియా' షీట్లు చూడటానికి ఎంతో ముచ్చటగా ఉంటాయి. కొండలను కాంటూర్లతో (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలతో) కాకుండా సన్నని గీతలతో నీడలా చూపేవారు. గోడకు కట్టించుకోవడానికి, పాత ఊరి పేరు ఉందో లేదో చూడటానికి ఇవి చాలు. నది గట్టు ఎంత జరిగిందో కొలవడానికి మాత్రం పనికిరావు.

1950ల మధ్య నుంచి అమెరికా సైన్యపు మ్యాప్ సర్వీసు తయారుచేసిన యూ502 సిరీస్ టెక్సస్ విశ్వవిద్యాలయం పెర్రీ-కాస్టనేడా లైబ్రరీ సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఆంధ్ర, తెలంగాణల్లో 16, 20 డిగ్రీల అక్షాంశాల మధ్య ఉన్న షీట్ల నంబర్లు ఎన్ఈ 43, ఎన్ఈ 44 అని మొదలవుతాయి. గోదావరి డెల్టా ఎన్ఈ 44లో ఉంటుంది. ఈ షీట్లకు ఆధారం సర్వే ఆఫ్ ఇండియా పాత పటాలే. అందుకే అంచున ఉన్న సంకలన సూచికలో ఏ భాగాన్ని ఏ సంవత్సరపు పటం నుంచి తీసుకున్నారో చూడకుండా తేదీ రాసుకోవద్దు. విదేశాల్లో ఉండి, ఆఫీసుల చుట్టూ తిరిగే వీలులేనివారికి మొదటి మెట్టుగా ఇంతకంటే సులువైనది లేదు.

## అంగుళం షీట్లు: ఎక్కువమందికి కావాల్సినవి ఇవే

మైలుకు ఒక అంగుళం చొప్పున గీసిన ఈ షీట్లు 1905 తర్వాత మొదలైన కొత్త పద్ధతిలోవి. ఒక్కొక్కటి 15 నిమిషాల అక్షాంశం, 15 నిమిషాల రేఖాంశం మేర ఉంటుంది. మన దగ్గర అది ఉత్తర దక్షిణాలుగా సుమారు 27.7 కిలోమీటర్లు, తూర్పు పడమరలుగా 26.7 కిలోమీటర్లు.

నంబరు పద్ధతి ఒకసారి అర్థమైతే షీటు వెతకడం తేలిక. 16 నుంచి 20 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 80 నుంచి 84 డిగ్రీల తూర్పు రేఖాంశం మధ్య ఉన్న చదరం 65. దాన్ని ఒక్కో డిగ్రీ చొప్పున 16 ముక్కలు చేసి ఏ నుంచి పీ వరకు అక్షరాలిచ్చారు. అక్షరాలు వాయవ్య మూల నుంచి మొదలై కిందికి దిగి, మళ్లీ పక్క నిలువు వరుసలో పై నుంచి వస్తాయి. ఒక్కో డిగ్రీ ముక్కను అదే వరుసలో 1 నుంచి 16 వరకు విడగొట్టారు. ఆ లెక్కన:

- రాజమండ్రి ఊరు: 65 జీ/16 దక్షిణపు అంచు. దాని కిందే ధవళేశ్వరం, 65 హెచ్/13.
- నరసాపురం, అంతర్వేది: 65 హెచ్/11.
- అమలాపురం: 65 ఎల్/2 పడమటి అంచు. ఊరికి పడమర పక్కన ఉన్న గ్రామాలు 65 హెచ్/14లోకి వెళ్తాయి.
- యానాం: 65 ఎల్/2. అప్పటి షీట్లలో అది ఫ్రెంచి భూభాగం కాబట్టి సరిహద్దు గీత కూడా కనిపిస్తుంది.
- కాకినాడ: 65 ఎల్/1 తూర్పు అంచు. తీరం పూర్తిగా కావాలంటే 65 ఎల్/5 కూడా చూడాలి.

అమలాపురం, రాజమండ్రి, కాకినాడ మూడూ షీటు అంచున పడటం డెల్టా వాళ్లకు పెద్ద చిక్కు. ఒకే షీటు తెప్పించుకుని సగం ఊరే ఉందని నిరాశపడకుండా, ముందే అక్షాంశ రేఖాంశాలు చూసుకుని పక్క షీటు కూడా అడగండి. పక్కపక్క షీట్లు వేర్వేరు సంవత్సరాల్లో సర్వే చేసినవి కావచ్చు. అంచు దగ్గర పాయ ఒక షీటులో ఒకచోట తెగి, రెండో దానిలో కొంచెం పక్కకు జరిగి మొదలైతే, గీసినవాడి తప్పు అని అనుకోవద్దు. నదే జరిగి ఉండవచ్చు.

రంగులు చదవడం ముఖ్యం. నీళ్లుండే చోటు నీలం, ఎండిపోయే వాగులు నలుపు, సాగు భూమి పసుపు, అడవి ఆకుపచ్చ, ఊళ్లు, రోడ్లు ఎరుపు, కాంటూర్లు గోధుమ రంగు. నది మధ్యలో చుక్కలుంటే ఇసుక మేట. సర్వే బృందాలు వానలు వెళ్లాక పనిలోకి దిగేవి కాబట్టి, నీలం భాగం చూపేది ఎండాకాలపు నీటి దారినే. నది వెడల్పు కొలవాలంటే నీలాన్ని కాదు, రెండు గట్లనూ చూడాలి. ఇది తెలియక పాత పటంలో నది సన్నగా ఉందని రాసేసిన వ్యాసాలు కనిపిస్తుంటాయి.

కోనసీమ షీట్లలో ఇంకో వివరం ఉంది. తాటి చెట్లకు ఒక గుర్తు, మిగతా తాటి జాతి చెట్లకు మరో గుర్తు వాడతారు. మెరక మీద తోటలు, పల్లంలో వరి ఎక్కడెక్కడ ఉండేవో ఈ గుర్తుల వల్ల తెలుస్తుంది. గట్టు పక్కన అంకె, దాని వెంట 'ఆర్' అక్షరం ఉంటే అది సముద్రమట్టం నుంచి ఎత్తు కాదు. చుట్టూ నేలకంటే గట్టు ఎంత ఎత్తో చెప్పే లెక్క. పాత షీట్లలో అది అడుగుల్లో, మెట్రిక్ షీట్లలో మీటర్లలో ఉంటుంది. వరద గట్ల చరిత్ర రాసేవాళ్లకు ఇది విలువైన సమాచారం.

కాంటూర్లు మాత్రం డెల్టాలో దాదాపు పనికిరావు. సాధారణంగా 50 అడుగులకు ఒక గీత ఉంటుంది, కోనసీమ చదును నేల మీద అసలు గీతే కనిపించని షీట్లున్నాయి. పైకి, పోలవరం వైపు వెళ్తే సంగతి వేరు. పోలవరం ప్రాజెక్టు పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు, అంటే 150 అడుగులు. అడుగుల కాంటూర్లున్న పాత షీటులో 150 అడుగుల గీత నేరుగా అచ్చయి ఉంటుంది. 20 మీటర్ల కాంటూర్లున్న మెట్రిక్ షీటులో 40, 60 గీతలే ఉంటాయి, మధ్యది ఊహించుకోవాల్సిందే. ముంపు గ్రామాల పాత రూపం చూడాలనుకునేవారికి అంగుళం షీటే మేలు. కానీ ఆ గీతను పట్టుకుని పరిహారం లెక్కకు వెళ్లకండి, ముంపు హద్దుకు ప్రభుత్వ సర్వే గుర్తులే ప్రమాణం.

తేదీ చెరిగిపోయిన షీటు దొరికితే కొన్ని ఆనవాళ్లు సాయపడతాయి. జిల్లా పేరు గోదావరి అని మాత్రమే ఉంటే 1925కు ముందుది, తూర్పు గోదావరి అని ఉంటే ఆ తర్వాతిది. రాజమండ్రి దగ్గర హేవ్‌లాక్ రైలు వంతెన ఉంటే 1900 తర్వాతిది. కాకినాడ–కోటిపల్లి రైలు మార్గం 1920ల చివర వేసి, రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పట్టాలు తీసేశారు, మళ్లీ 2004లో రైలు నడిచింది. ఆ మార్గం ఉందా, లేదా, చుక్కలుగా ఉందా అన్నది చూస్తే పదేళ్ల తేడాతో తేదీ పట్టుకోవచ్చు. పేర్లు వెతికేటప్పుడు కాకినాడ కోసం 'కోకనాడ', ఏలూరు కోసం 'ఎల్లోర్', ధవళేశ్వరం కోసం 'డౌలైశ్వరం' అని కూడా చూడండి.

## మెట్రిక్ షీట్లు, ఓపెన్ సిరీస్

అంగుళాల నుంచి మెట్రిక్‌కు మారాక వచ్చినవి 1:50,000 షీట్లు. నంబర్లు పాతవే. 1974లో వచ్చిన రైలు–రోడ్డు వంతెన, కొత్త కాలువలు, పెరిగిన ఊళ్లు వీటిలో తెలుస్తాయి. తీరం, సరిహద్దుల వెంబడి ఉన్న షీట్లు చాలాకాలం నియంత్రిత వర్గంలో ఉండేవి, అందుకే కోనసీమ షీట్లు మామూలు పాఠకుడికి సులభంగా దొరికేవి కావు.

2005 జాతీయ పటాల విధానంతో రెండు సిరీస్‌లు ఏర్పడ్డాయి. ఒకటి రక్షణ అవసరాలకు, రెండోది అందరికీ అందుబాటులో ఉండే ఓపెన్ సిరీస్. రెండోది డబ్ల్యూజీఎస్ 84 మీద ఉంటుంది, నంబరు పద్ధతి కూడా కొత్తది. సర్వే ఆఫ్ ఇండియా ఆన్‌లైన్ పోర్టల్‌లో నమోదు చేసుకుని తీసుకోవచ్చు. ఇది చరిత్ర పటం కాదు. పాత షీటును సరిచూసుకోవడానికి కొలబద్దగా వాడుకోండి.

## గ్రామ పటం, ఎఫ్ఎంబీ

భూమి గురించి ప్రశ్న అయితే పై పటాలన్నీ పక్కన పెట్టి ఇక్కడికి రండి. రైత్వారీ సర్వేలో ఊరికో గ్రామ పటం, సర్వే నంబరుకో కొలతల పుస్తకం పేజీ తయారయ్యాయి. దాన్నే ఎఫ్ఎంబీ (ఫీల్డ్ మెజర్‌మెంట్ బుక్) అంటాం. పాత కొలతలు గుంటర్ గొలుసులో ఉంటాయి. గొలుసు 66 అడుగులు, అందులో 100 లింకులు, లింకు 7.92 అంగుళాలు, పది చదరపు గొలుసులు ఒక ఎకరం. లింకులను అడుగులనుకుని లెక్కేస్తే విస్తీర్ణం రెట్టింపు కంటే ఎక్కువ వస్తుంది.

ఆంధ్రప్రదేశ్‌లో మీభూమి పోర్టల్‌లో గ్రామ పటం, ఎఫ్ఎంబీ చూడవచ్చు. కోర్టుకో, తహసీల్దారుకో చూపాలంటే మాత్రం మండల సర్వేయరు ద్వారా, లేదా జిల్లా సర్వే, భూరికార్డుల కార్యాలయం నుంచి ధ్రువీకరించిన నకలు కావాలి. 2020 డిసెంబరులో మొదలైన రీసర్వే పూర్తయిన ఊళ్లలో పాత సర్వే నంబర్ల స్థానంలో ఎల్‌పీ (ల్యాండ్ పార్సెల్) నంబర్లు వచ్చాయి. పాత దస్తావేజులో ఉన్న నంబరుకు కొత్త నంబరు ఏదో కలిపి చూపే జాబితా అడగకుండా కొత్త పటం ఒక్కటే తెచ్చుకుంటే చిక్కుల్లో పడతారు.

రెండు పరిమితులు గుర్తుంచుకోవాలి. పిఠాపురం వంటి జమీందారీ ఎస్టేట్లలోని ఊళ్లకు రైత్వారీ తరహా వివరమైన సర్వే చాలావరకు 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతే జరిగింది. అక్కడ 19వ శతాబ్దపు ఎఫ్ఎంబీ కోసం వెతకడం వృథా. ఇక లంక భూముల్లో, సర్వే నాటికి ఉన్న నేలే పటంలో ఉంటుంది. ఏరు కోసేసిన చెక్కకు సర్వే నంబరు రికార్డులో అలాగే మిగిలిపోవచ్చు, కొత్తగా మేట వేసిన నేలకు నంబరే ఉండకపోవచ్చు. 1986 ఆగస్టు లాంటి పెద్ద వరద తర్వాత ఈ తేడా బాగా పెరుగుతుంది. అలాంటి చోట గ్రామ పటం ఒక్కటే చాలదు, దాని పక్కన ఉపగ్రహ చిత్రం కావాలి.

తెలంగాణ గ్రామాల్లో, అంటే పాత నిజాం రాజ్యంలో, ఇదే పనికి టిప్పన్ (సర్వే నంబరు కొలతల చిత్రం), సేత్వార్ (సర్వే నంబర్ల తొలి రికార్డు) అడగాలి.

## ఉపగ్రహ చిత్రాలు

ఇవి పటాలు కావు, కానీ నది మార్పుకు వీటిని మించిన సాక్ష్యం లేదు. 1960 నుంచి 1972 వరకు అమెరికా కరోనా ఉపగ్రహాలు తీసిన చిత్రాలను 1995లో బయటపెట్టారు. చివరి కెమెరాల స్పష్టత సుమారు రెండు మీటర్లు. అమెరికా భూగర్భ సర్వే సంస్థ యూఎస్‌జీఎస్ వారి ఎర్త్ ఎక్స్‌ప్లోరర్ సైట్‌లో వెతకవచ్చు. ఇప్పటికే స్కాన్ చేసినవి ఉచితం, చేయనివాటికి రుసుము కట్టాలి. మబ్బుపట్టిన చిత్రాలు చాలా ఉంటాయి కాబట్టి డబ్బు కట్టే ముందు చిన్న నమూనా చూడండి. వాటి తర్వాతి కాలానికి ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలున్నాయి, 1982 నుంచి 30 మీటర్ల స్పష్టతతో.

## ఎవరికి ఏది

తాతల ఊరు వెతికేవారు యూ502తో మొదలుపెట్టి, ఊరు దొరికాక అంగుళం షీటుకు వెళ్లండి. ఊరు కనిపించకపోతే లేదని తేల్చేయకండి. చిన్న స్కేలులో పది ఊళ్లలో మూడు నాలుగు పేర్లే రాయడానికి చోటుంటుంది.

గ్రామ చరిత్ర రాసేవారికి అంగుళం షీటు, గ్రామ పటం రెండూ కావాలి. మొదటిది ఊరిని చుట్టుపక్కల ఊళ్లతో కలిపి చూపుతుంది, రెండోది పుంతలు, చెరువులు, శ్మశానాలు, గుడి మాన్యాలు ఎక్కడో చూపుతుంది. ఒక్కదానికే వీలుంటే గ్రామ పటమే ఎంచుకోండి.

నది కోత మీద పరిశోధన చేసే విద్యార్థి అంగుళం షీటు, కరోనా చిత్రం, ల్యాండ్‌శాట్ మూడూ వరుసగా పెట్టుకోవాలి. 19వ శతాబ్దపు క్వార్టర్ ఇంచ్ షీటును ఆ వరుసలో చేర్చి గట్టు ఇన్ని మీటర్లు జరిగిందని రాస్తే, ఆ అంకెకు 127 మీటర్ల సందేహం ముందే ఉన్నట్టు.

భూమి తగాదా ఉన్నవారికి ధ్రువీకరించిన ఎఫ్ఎంబీ నకలు తప్ప ప్రత్యామ్నాయం లేదు.

కాగితం మీద అసలు షీటే చూడాలంటే చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్, హైదరాబాద్ తార్నాకలోని తెలంగాణ రాష్ట్ర ఆర్కైవ్స్, ఢిల్లీ జాతీయ ఆర్కైవ్స్ మూడూ దారులే. ఆంధ్ర తీర జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి కాబట్టి వాటికి ఎగ్మూరు ముందు, నిజాం వైపు జిల్లాలకు తార్నాక ముందు.

## ఒకదాని మీద ఒకటి వేసేటప్పుడు

పాత షీటును ఇప్పటి పటం మీద పరచడానికి క్యూజీఐఎస్ అనే ఉచిత పటాల సాఫ్ట్‌వేర్ చాలు. ఫోన్‌తో తీసిన ఫొటో వాడకండి, అంచులు వంగి కొలతలు చెడతాయి. 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కల చొప్పున) సమతలంగా స్కాన్ చేసిన అంగుళం షీటులో ఒక చుక్క నేల మీద సుమారు 5.4 మీటర్లు, అది సరిపోతుంది.

నాలుగు మూలల అక్షాంశ రేఖాంశాలను బిందువులుగా ఇవ్వండి. లోపల 5 నిమిషాలకు ఒకసారి ఉండే గుర్తులను కూడా కలపండి, కాగితం ఒకవైపు ఎక్కువ కుదించుకుపోయి ఉంటే అప్పుడే తెలుస్తుంది. కోఆర్డినేట్ వ్యవస్థగా డబ్ల్యూజీఎస్ 84 కాకుండా, స్వాతంత్ర్యానికి ముందటి షీట్లకు ఈపీఎస్‌జీ 4144, తర్వాతి మెట్రిక్ షీట్లకు 4146 ఎంచుకోండి (సాఫ్ట్‌వేర్ జాబితాలో ఆ వ్యవస్థల కోడ్ నంబర్లు ఇవి). పటాన్ని ఆ బిందువులకు సరిపెట్టే లెక్కగా ఒకటో శ్రేణి పాలినోమియల్ చాలు. మూడో శ్రేణి పెడితే తప్పు బిందువు కూడా సరిపోయినట్టు కనిపించి పటం మెలికలు తిరుగుతుంది.

తర్వాత సరిచూడండి. హేవ్‌లాక్ వంతెన స్తంభాలు, కాటన్ హయాంలో కట్టిన కాలువల లాకులు, పాత గుళ్లు కదలవు. కదిలే నది గట్టును, లంక కొసను ఎప్పుడూ ఆధారంగా తీసుకోకండి. ఏ మార్పును కొలవడానికి పటం పరుస్తున్నామో, ఆ మార్పునే అప్పుడు చెరిపేసినట్టవుతుంది.

19వ శతాబ్దపు షీటు పరిస్తే ఊళ్లన్నీ ఒకే దిశలో, తూర్పుకు సుమారు 4.3 కిలోమీటర్లు జరిగినట్టు కనిపించవచ్చు. మద్రాసు అబ్జర్వేటరీ రేఖాంశాన్ని అప్పట్లో 2 నిమిషాల 27 సెకన్లు ఎక్కువగా లెక్కించడమే కారణం. చాలా షీట్ల అంచున ఎంత తీసివేయాలో చెప్పే గమనిక ఉంటుంది. అది చదివి, మూలల రేఖాంశాల నుంచి అంత తగ్గించి, మళ్లీ మొదటి నుంచి బిందువులు ఇవ్వండి.